ఆరో నంబరు రక్తం

షాబాన్ 24

మా లాబ్ మేడమ్ ఇవాళ కూడా అదే పాట. "రౌధా, ఈ రంజాన్ మనది." మనదట! తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద ఊగుతున్నదాన్ని నేను. పండగ వెళ్లాక కమిటీ కూర్చుంటుంది. అప్పటికి గట్టి ఫలితం చూపిస్తే నన్ను పర్మనెంటు చేస్తారు. లేకపోతే నా కుర్చీలో మేడమ్ చెల్లెలి ఆడపడుచు కూతురు కూర్చుంటుంది. ఆ పిల్లకి పిపెట్ పట్టుకోవడం కూడా రాదు. అయినా నిన్ననే వచ్చి, కిటికీ పక్క బల్ల బాగుందని మెచ్చుకుని వెళ్లింది.

రంజాన్ ఇంకా మొదలవలేదు, మొదటి విడత రక్తాలు తీయడం అయింది. బయటివాళ్లది కావాలంటే సవాలక్ష అనుమతులు. అందుకే మా లాబ్‌లో ఎప్పుడూ ఇంతే, కణాలు కావలసినవాళ్లు పక్కవాళ్ల చేతుల వంక చూస్తారు. మేడమ్, నర్సు మబ్రూకా అక్క, వాచ్‌మన్ అమ్మార్, లైబ్రరీ రఫీక్, నేను. ఆరోవాళ్లు దొరక్క నేను ఇంట్లో గొణుక్కుంటుంటే నెజీబ్ చొక్కా చెయ్యి మడిచాడు.

"నాది తీసుకో. ఊరికే తిరుగుతోంది" అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లకి మా ఆయన నా ఉద్యోగానికి పనికొచ్చాడు. ఆరో నంబరు సీసా అతనిది. రంజాన్ మధ్యలో మళ్లీ వీళ్ల రక్తమే తీస్తాం. తిన్న మనిషి కణాలు ఒక పక్క, అదే మనిషి ఆకలిగా ఉన్నప్పటి కణాలు ఒక పక్క. ఏవి బాగా పోట్లాడతాయో చూడాలి.

రంజాన్ 3

కాఫీ లేదు. తల పగిలిపోతోంది. మేడమ్ అందరి మీదా అరుస్తోంది, అమ్మార్ గేటు పట్టుకుని నిలబడే నిద్రపోతున్నాడు.

రంజాన్ 7

సాయంత్రం షోర్బా సూపు మరుగుతుంటే నెజీబ్ వంటింటి గుమ్మంలో కూలబడి, "ఇంకా ఎంతసేపు?" అన్నాడు. ఉపవాసం విడిచే పిరంగి పేలేదాకా ఆగమన్నాను. కాలక్షేపానికి, "ఇంతకీ నీ కణాలేం చేస్తాయి?" అని అడిగాడు. ఇన్నేళ్లలో మొదటిసారి అడిగాడు. నాకు సంతోషం పట్టలేదు.

"ఒంట్లోకి బాక్టీరియా వస్తే మింగేసే కణాలుంటాయి. కొన్ని బాక్టీరియాలు గడుసువి. బుద్ధిగా మింగించుకుని, లోపల ఆ సంచిలోనే కాపురం పెడతాయి. సుఖంగా ఉన్న కణం వాటినేం చేయలేదు. అదే కణానికి కష్టమొచ్చిందనుకో, తిండి అందడం లేదనుకో, లోపల గంట మోగుతుంది. రోజువారీ పనులన్నీ పక్కన పడేస్తుంది. ఉన్న బలమంతా ఆ సంచి మీద పెట్టి లోపలున్నదాన్ని అరిగించేస్తుంది. అలా జరుగుతుందని మా లెక్క."

"అంటే కడుపు మాడితే కసి పెరుగుతుందంటావు."

"అలాగే అనుకో."

"మా రేవు ఆఫీసులో అందరికీ అదే జబ్బు" అన్నాడు.

పిరంగి పేలింది. ఖర్జూరం నోట్లో వేసుకుని, పాలు తాగి, కళ్లు మూసుకుని "అబ్బా!" అన్నాడు. ఆ ఒక్క అబ్బా కోసం నేను రోజంతా నిలబడి వండినా బరువనిపించదు. మడతలోని గుడ్డు కారకుండా బ్రిక్ వేయించడం మా వీధిలో నాకొక్కదానికే వచ్చు. రెండు తిన్నాడు.

రంజాన్ 14

రెండోసారి రక్తాలు తీశాం, సాయంత్రం అసర్ నమాజు తరవాత, అందరూ వాడిపోయి ఉన్నప్పుడు. మబ్రూకా అక్క పద్ధతి ప్రకారం అందరినీ అడిగింది. జ్వరముందా, మందులేమైనా వాడుతున్నారా, సిగరెట్టు తాగుతారా.

"రంజాన్‌లో సిగరెట్టేంటక్కా!" అన్నాడు రఫీక్. అందరూ నవ్వారు.

రంజాన్ 16

కణాలకు సాల్మొనెల్లా బాక్టీరియా తినిపించి, తరవాత వాటిని పగలగొట్టి, లోపల ఇంకా బతికున్న బాక్టీరియాను ప్లేట్ల మీద పరిచాను. ఇవాళ మూతలు తీశాను. షాబాన్‌లో తీసిన రక్తానికి ప్లేటు నిండా చుక్కలు, ఒక్కో చుక్కా బతికిన బాక్టీరియా గుంపు. రంజాన్ రక్తానికి దాదాపు ఖాళీ. నా ప్లేటూ ఖాళీ. నా కణాలు నిజంగా పోట్లాడాయి! బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను.

ఐదుగురిది అంతే. ఆరో నంబరు ప్లేటు మాత్రం షాబాన్‌లో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. గసగసాలు చల్లినట్టు నిండుగా.

రంజాన్ 17

ఇంక్యుబేటర్ కింది అర చల్లబడి కణాలు మందగించి ఉంటాయి. ఆరో నంబరు కింది అరలోనే పెట్టాను.

రంజాన్ 18

కింది అరలో మేడమ్ ప్లేటు కూడా ఉంది. అది ఖాళీగానే వచ్చింది.

సీసా తేడా అయ్యుంటుంది. నెజీబ్‌ని పిలిపించి మళ్లీ తీశాం. "నా రక్తం అంత రుచిగా ఉందా?" అని మబ్రూకా అక్కతో వేళాకోళమాడాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఎండిపోయి ఉన్నాయా? నేను సరిగ్గా చూడలేదు.

రంజాన్ 20

మళ్లీ నిండా చుక్కలే. ఈసారి కణాల లోపలి ప్రొటీన్ కూడా చూశాను. గంట మోగిందో లేదో ఆ ప్రొటీన్ చెబుతుంది. మోగితే పరీక్ష పట్టీ మీద నల్లటి గీత పడుతుంది. ఐదుగురికి నల్లటి గీత. ఆరో నంబరుకి తెల్లగా ఉంది, ఉతికిన గుడ్డలాగా.

మేడమ్ పట్టీని వెలుతురుకి పెట్టి చూసి, తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి అడిగింది. "రౌధా, మీ ఆయన తింటున్నాడా?"

నా ఒళ్లు భగ్గుమంది. "ఆ మాట మీరు ఇంకెవరినైనా అడిగారా మేడమ్? రఫీక్‌ని అడిగారా? అమ్మార్‌ని అడిగారా?"

"అడగలేదు. అదే తప్పయింది. జ్వరముందా, మందులున్నాయా అని అడిగామే గానీ అసలు ప్రశ్న అడగలేదు. మనలో ఎవరం అడుగుతాం? ఉపవాసమున్నావా అని పెద్దమనిషిని అడిగితే చెంప పగలగొడతాడు. ఉంటారనే అనుకున్నాం."

ఉంటారనే అనుకున్నాం. మొత్తం ప్రయోగం ఆ ఒక్క అనుకోవడం మీద కట్టాం. పారిస్‌లోనో బెర్లిన్‌లోనో అయితే మొదటి ప్రశ్నే అదయ్యేది.

రంజాన్ 21

ఇవాళ మధ్యాహ్నం రేవుకి వెళ్లే గులెట్ రైలెక్కాను. నెజీబ్ ఆఫీసులో లేడు. నమాజుకి వెళ్లాడని ప్యూను చెప్పాడు, చెబుతూ గోడ వైపు చూశాడు. ఆ చూపుతోనే నాకు సగం తెలిసిపోయింది.

రేవు వెనక సందులో కాఫీ హోటలు. అద్దాలకి లోపలి నుంచి పాత పేపర్లు అంటించారు. ఏటా ఈ నెలలో ఆ పేపర్ల ముందు నించి వెళుతూ, లోపలున్న తినేవాళ్ల గురించి నేనూ నెజీబూ ఎన్ని జోకులు వేసుకున్నామో! జోకులన్నీ ఎక్కువగా అతనే వేసేవాడు.

తలుపు తోశాను. పొగ, వేయించిన చేపల వాసన. యజమాని కంగారుగా, "తలుపు వేసెయ్ అక్కా, ఎవరైనా చూస్తారు" అన్నాడు. వేసి చూద్దును కదా, మూల బల్ల దగ్గర నెజీబ్, చేతిలో ట్యూనా రొట్టె, మీసానికి హరిస్సా కారం. నన్ను చూసి లేవలేదు. దాచలేదు. రొట్టె మాత్రం బల్ల మీద పెట్టాడు.

యజమాని వెనకే వచ్చి, "ఏం తెమ్మంటావ్ అక్కా?" అని అడిగాడు.

రంజాన్ 22

బ్రిక్ వేయలేదు. షోర్బా కాచలేదు. పిరంగి పేలింది.

రంజాన్ 23

"ఎన్నాళ్లుగా?" అన్నాను.

"మా అన్న పడవ తిరగబడి చనిపోయినప్పట్నించీ. అప్పుడు రంజానే కదా. మొదటిరోజు ఆకలేసి తినలేదు, కోపమొచ్చి తిన్నాను. ఆ తరవాత అలవాటైపోయింది."

"మరి ఖర్జూరం నోట్లో వేసుకుని ఆ అబ్బా ఏమిటి? ఎవరికోసం ఆ నాటకం?"

"నీ కోసం. అంత కష్టపడి వండుతావు. ఆకలి లేని మొహం పెట్టుకుని ఎలా కూర్చోను?"

అంటే నాలుగేళ్లు! నేను తెల్లవారుజామున సహరీకి లేపితే లేచి, కళ్లు నులుముకుంటూ నాతోపాటు తిని, మళ్లీ మధ్యాహ్నం అక్కడ తిని, సాయంత్రం నా ఎదుట నీరసం నటించి మళ్లీ తిన్నాడు. గాడిదకొడుకు. నన్ను వెర్రిదాన్ని చేశాడు. గిన్నె తీసి గోడకి కొట్టాను.

అతను ఆ గిన్నె తీసి బల్ల మీద పెట్టి, "ఇప్పుడు నేనేం చేయాలో చెప్పు" అన్నాడు.

హోటలు సంగతి చెబితే మేడమ్ నిన్నే నా చెవిలో వేసింది. అతను నిజంగా తిన్నాడంటే అంతకంటే అదృష్టం లేదట. అదే మనిషి ఫలితం తిన్నప్పుడు ఒకలా, ఉపవాసమున్నప్పుడు ఒకలా వచ్చిందంటే కమిటీ నోరెత్తదట.

"మూడు రోజులు నిజంగా ఉండు" అన్నాను.

"నీ దేవుడి కోసమా, నీ పోస్టు కోసమా?"

"పోస్టు కోసం."

"అయితే ఉంటాను. నువ్వైనా నిజం చెప్పావు" అన్నాడు.

రంజాన్ 25

అతనితోపాటు నేనూ సెలవు పెట్టి ఇంట్లోనే కూర్చున్నాను. కాపలా అని అతనికీ తెలుసు. "బాత్రూముకి కూడా వస్తారా సార్జంటు గారూ?" అంటాడు. సిగరెట్టు లేక అగ్గిపెట్టె తెరుస్తూ మూస్తూ కూర్చుంటున్నాడు. మధ్యాహ్నం నేల మీద చాప వేసుకుని పడుకున్నాం. వాళ్ల అన్న గురించి చెప్పాడు, అతను ఈలవేస్తే సందు చివరిదాకా వినిపించేదట. ఇన్నేళ్లలో ఆ పేరు ఎత్తనేలేదు. ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ నిద్రపోయాడు. నోరు వాసన వేస్తోంది, రోజంతా తినని నోటి వాసన.

సాయంత్రం కింద చెత్త పారేసి వచ్చాడు. పిరంగి పేలాక ఖర్జూరం తిన్నాడు, అబ్బా అనలేదు. గబగబా, చప్పుడు చేస్తూ, మొహం ఎత్తకుండా తిన్నాడు. నిజంగా ఆకలేసినవాళ్లు అలా తింటారని నాకప్పుడు తెలిసింది.

రంజాన్ 26

లాబ్‌కి తీసుకెళ్లాను. మెట్ల దగ్గర కళ్లు తిరిగి రెయిలింగ్ పట్టుకున్నాడు. మబ్రూకా అక్క "పాపం, ఎంత పాలిపోయాడో" అంది. రక్తం సీసాలోకి దిగుతుంటే నా వైపు చూసి కన్ను కొట్టాడు. ఈ నెలలో నేను నవ్వింది అప్పుడే.

రంజాన్ 29

నిండా చుక్కలు.

రంజాన్ 29, మళ్లీ

పట్టీ కూడా చూశాను. ఈసారి నల్లటి గీత పడింది. ఐదుగురి గీతలకంటే నల్లగా ఉంది. గంట మోగింది. అంటే ఉపవాసమున్నాడు. కణం ఆకలి తెలుసుకుంది, చేయవలసిందంతా చేసింది. బాక్టీరియా మాత్రం చావలేదు.

అంటే గంట మోగిన ప్రతి కణమూ గెలవదు. కొందరిలో మోగుతుంది గానీ పని జరగదు. ఎందుకో తెలియదు. అసలు సంగతి ఇదే అయ్యుండొచ్చు. దీని మీద ఇంకో రెండేళ్లు పనిచేయాలి. నాకు రెండేళ్లెవరిస్తారు?

ఈద్

కొత్త చొక్కా కొన్నాను అతనికి. బిగుతైంది.

షవ్వాల్ 3

పండగయ్యాక మేడమ్ ఆరో నంబరు ప్లేటు చూసి, పట్టీ చూసి, పట్టీని సొరుగులో పెట్టి తాళం వేసింది.

"మళ్లీ తిన్నాడు" అంది.

"లేదు మేడమ్. నేను పక్కనే ఉన్నాను. గీత చూశారు కదా."

"నువ్వు చూశావు. నేను చూడలేదు." కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఇదిగో చూడు తల్లీ. ఆరుగురిలో ఐదుగురంటే అది కబురు. అందరికీ అంటే అది పోస్టు. కారణం లేకుండా ఒకణ్ణి తీసేస్తే మోసమంటారు. కారణం చూపించి తీసేస్తే పద్ధతంటారు. అతనితో ఒక్క మాట చెప్పించు. నలుగురి ముందూ చెప్పాలి, రేపు కమిటీ అడిగితే విన్నవాళ్లుండాలి. ఒకసారి తిన్నవాడు మళ్లీ తిన్నానంటే ఎవరు కాదంటారు?"

నేను చేయనన్నాను. గట్టిగానే అన్నాను.

"సరే, నీ ఇష్టం. ఆ పిల్ల సోమవారం నించి వస్తానంటోంది" అంది మేడమ్.

షవ్వాల్ 4

నేను కాపలా ఉన్న రోజు సాయంత్రం చెత్త పారేయడానికి కిందికి వెళ్లాడు.

ఆ సంగతి మర్చిపోయాను. కిందే కదా కిరాణా కొట్టు. ఒక బిస్కట్ ప్యాకెట్టు తినడానికి ఎంతసేపు పడుతుంది? కొట్టు ఆ వేళకి మూసే ఉంటుంది. అయినా జేబులో ఏమైనా పెట్టుకుని వెళ్లొచ్చు. నాలుగేళ్లు నన్ను మాయ చేసినవాడికి చెత్త బుట్ట ఒక లెక్కా?

గీత అంత నల్లగా పడిందంటే పట్టీని నేను రంగులో ఎక్కువసేపు ఉంచి ఉంటాను.

చెత్త పారేయడానికి వెళ్లాడు. వెళ్లాడు కదా.

షవ్వాల్ 5

అన్నం దగ్గర నెజీబ్‌కి ఫలితం చెప్పాను. ఫలితమే చెప్పాను. ఇంకేం అడగలేదు.

"గంట మోగిందా?"

"మోగింది."

"అయినా నావాళ్లు గెలవలేదా?"

"లేదు."

పడీపడీ నవ్వాడు. కళ్ల వెంట నీళ్లొచ్చేదాకా నవ్వి, మూతి తుడుచుకుని, "ఇప్పుడు నీ పోస్టు?" అన్నాడు. మేడమ్ అన్న మాటలన్నీ చెప్పాను. ఎందుకు దాచాలి? మొగుడూ పెళ్లాల మధ్య దాపరికాలు చాలు ఇక. ఆ పిల్ల సోమవారం వస్తుందని కూడా చెప్పాను. ఉన్న సంగతి చెప్పాను, అంతే.

రొట్టె ముక్క తుంచుతూ, "ఎన్నింటికి రమ్మంటావు?" అన్నాడు.

నేను అడగలేదు. అడగలేదని రాసుకుంటున్నాను.

షవ్వాల్ 7

గడ్డం గీసుకుని, ఈద్ చొక్కా వేసుకుని వచ్చాడు. మేడమ్ అందరినీ పిలిచింది. రఫీక్, మబ్రూకా అక్క, గేటు దగ్గర్నించి అమ్మార్ కూడా. మేడమ్ ఎంత మర్యాదగా అడిగిందో! "నెజీబ్ గారూ, శాస్త్రం కోసం ఒక్క నిజం చెప్పాలి మీరు."

"తిన్నాను" అన్నాడు నెజీబ్. గొంతు కూడా తగ్గించలేదు. "మొదట తిన్నాను. ఉంటానని మాటిచ్చి ఆ మూడు రోజులూ కూడా తిన్నాను. మా ఆవిడ కళ్లుగప్పి తిన్నాను. ఆవిడకేం తెలియదు."

ఆ చివరి మాట మేడమ్ అడగలేదు. నా మీదికి రాకుండా అతనే చేర్చాడు.

మబ్రూకా అక్క "అస్తగ్‌ఫిరుల్లా" అని దేవుడి క్షమాపణ కోరుతూ రెండడుగులు వెనక్కి వేసింది. రఫీక్ కళ్లద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయాడు. అమ్మార్ ఎప్పుడూ అతన్ని కావలించుకుని గానీ వదలడు. వెళ్లేటప్పుడు నెజీబ్ చెయ్యి చాపితే, తాళంచెవుల గుత్తి వెతుక్కుంటున్నట్టు జేబులో చెయ్యి పెట్టుకున్నాడు.

రైల్లో పక్కపక్కనే కూర్చున్నాం. "నెజీబ్, నిజంగా తిన్నావా?" అన్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది గానీ అడిగాను.

నా మొహంలోకి చూసి, "నీకేది కావాలో అది రాసుకో" అన్నాడు.

షవ్వాల్ 17

ఆర్డరు వచ్చింది. పర్మనెంటు. మేడమ్ బక్లావా మిఠాయి తెప్పించింది. మంచి ఫలితానికి శుభ్రమైన లెక్కలే కారణమని కమిటీ మెచ్చుకుందట. నెజీబ్‌కి ఫోన్ చేశాను. "మబ్రూక్" అని అభినందించాడు. ఓడ వచ్చింది, పనుందని పెట్టేశాడు.

షవ్వాల్ 21

నా పోస్టుకి అమ్మ ఇంట్లో విందు. మబ్రూకా అక్కది అమ్మవాళ్ల వీధే. అందుకని నెజీబ్ సంగతి చెప్పవలసిన అవసరం ఎవరికీ లేకపోయింది. మేం మెట్లెక్కుతుంటేనే లోపల మాటలు ఆగిపోయాయి. చిన్నత్త నన్ను గుండెలకి హత్తుకుని, "ఎలా భరిస్తున్నావే తల్లీ! అలాంటివాడితో ఉంటూ కూడా ఇంత సాధించావు" అంది. నేను "ఏం చేస్తాం అత్తా" అన్నాను.

గోధుమరవ్వ కుస్‌కుస్ పెద్ద పళ్లెం మధ్యలో పెట్టారు. అందరం చుట్టూ కూర్చున్నాం. అమ్మ గరిటె తీసుకుని, మామయ్యలనీ పెద్దవాళ్లనీ దాటుకుని, తిన్నగా నెజీబ్ ముందు మాంసం ముక్కలు వేసింది.

"నువ్వు మొదలెట్టు నాయనా. నువ్వు ఆకలికి ఆగలేవు కదా."

ఇల్లంతా గొల్లుమంది. మామయ్యలకి పొలమారింది. చిన్నత్త కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నెజీబ్ బిస్మిల్లా అని, తల వంచుకుని తినడం మొదలుపెట్టాడు. ఒక్కసారి తలెత్తి నా వైపు చూశాడు.

అందరూ నా మొహమే చూస్తున్నారు. నేనూ నవ్వాను.